మోర్‌హౌస్–స్పెల్మన్ క్రిస్మస్ కచేరీకి వెళ్ళే తెలుగువాళ్ళకు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా డిసెంబరు మొదట్లో అట్లాంటాలోని మోర్‌హౌస్, స్పెల్మన్ అనే నల్లజాతి కాలేజీల గాయక బృందాలు కలిసి క్రిస్మస్ కచేరీ చేస్తాయి. 1927లో మొదలైన ఆనవాయితీ ఇది. ఆల్ఫారెట్టా, కమింగ్, జాన్స్ క్రీక్ వైపు ఉండే తెలుగువాళ్ళలో చాలామందికి ఇలాంటిదొకటి ఊళ్ళోనే జరుగుతుందని తెలియదు. తెలిసినవాళ్ళు కూడా "మనం వెళ్తే బాగుంటుందా?" అన్న దగ్గరే ఆగిపోతారు. వెళ్ళొచ్చు. కాకపోతే నల్లజాతి సంగీతం అంటే ఒకే రకం పాట అనుకుని వెళ్తే సగం పోగొట్టుకుంటారు. ఒక పాటకు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి, ఇంకో పాటకు అలా కూర్చుంటే పాడేవాళ్ళకే నచ్చదు. కింది జవాబులు చాలావరకు ఆ తేడా చుట్టూనే తిరుగుతాయి.

పాడేది ఎవరు?

విద్యార్థులే. మోర్‌హౌస్ 1867లో పెట్టిన మగపిల్లల కాలేజీ, మార్టిన్ లూథర్ కింగ్ 1948లో పట్టా తీసుకున్నది ఇక్కడే. స్పెల్మన్ 1881లో మొదలైన ఆడపిల్లల కాలేజీ. రెండిటి మధ్య దూరం నడిచివెళ్ళేంతే. మోర్‌హౌస్ గ్లీ క్లబ్‌ను (మగపిల్లల గాయక బృందాన్ని) 1911లో మొదలుపెట్టిన కెంపర్ హారెల్డే ఈ క్రిస్మస్ కచేరీకీ మూలపురుషుడు. ఆయన తర్వాత 1953 నుంచి 1987 వరకు వెండెల్ వేలం నడిపారు. ఈ రోజు మీరు వినే కార్యక్రమంలో ఆయన చెయ్యి పడిన పాటలు కనిపిస్తాయి.

పాడే పిల్లల్లో చాలామంది సంగీతం చదివేవాళ్ళు కారు. పగలు బయాలజీ, ఎకనామిక్స్ క్లాసులకు పోయి సాయంత్రం సాధన చేసేవాళ్ళే ఎక్కువ. డిసెంబరు మొదట్లో వాళ్ళకు సెమిస్టర్ పరీక్షలు కూడా దగ్గరపడి ఉంటాయి.

మగ బృందం విడిగా, ఆడ బృందం విడిగా, ఆ తర్వాత ఇద్దరూ కలిసి పాడతారు. కలిసి పాడే పాటలు భారీగా ఉంటాయి గానీ, చెవి పెట్టి వినాల్సింది మగవాళ్ళు మాత్రమే నాలుగు శ్రుతుల్లో, అంటే ఒకేసారి నాలుగు వేర్వేరు స్వరాల్లో పాడేటప్పుడు. అలాంటి బృందగానం మనకు తెలుగునాట వినే అవకాశం తక్కువ.

మేం క్రైస్తవులం కాదు. ఇబ్బందిగా ఉంటుందా?

ఉండదు. మొదట్లోనో చివర్లోనో ప్రార్థన ఉంటుంది, బైబిలు వచనాలు చదవొచ్చు. అందరూ లేచినప్పుడు మీరూ లేచి నిలబడితే చాలు. చేతులు జోడించాలా, కళ్ళు మూసుకోవాలా అన్నది మీ ఇష్టం, ఎవరూ గమనించరు. మతం మార్చుకోమని అడిగే సందర్భం ఇది కాదు. చర్చిలో జరిగే గాస్పెల్ (నల్లజాతి చర్చి భక్తి సంగీతం) కచేరీ అయితే కొంచెం తేడా ఉంటుంది, దాని గురించి కింద ఉంది.

టికెట్ కొనాలా?

ఈ కచేరీ చాలాకాలం ఉచితంగా, ముందొచ్చినవాళ్ళకు ముందు అన్న పద్ధతిలోనే నడిచింది. అయితే ముందుగా పేరు నమోదు చేసుకోవాలా, సీటుకు డబ్బు కట్టాలా అన్నది ఆ ఏటి ప్రకటనను బట్టే చూసుకోవాలి. నవంబరు రెండో వారం నుంచి రెండు కాలేజీల వెబ్‌సైట్లూ చూస్తూ ఉండండి. ఉచిత టికెట్లు ఆన్‌లైన్‌లో పెడితే, కాలేజీలో చదివి వెళ్ళిన పాతవాళ్ళు, తల్లిదండ్రులు తొందరగా ఎగరేసుకుపోతారు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన పాత పోస్టరును నమ్మి బయల్దేరకండి. ముందు దాని మీద ఏ సంవత్సరం ఉందో చూడండి.

చాపెల్ (కాలేజీ ప్రార్థనా మందిరం) అని రాశారు, ఏ చాపెల్?

తప్పు ఎక్కువగా జరిగేది ఇక్కడే. కచేరీ సాధారణంగా వారాంతంలో ఒకటికన్నా ఎక్కువ రోజులు జరుగుతుంది, ఒక రోజు ఒక కాలేజీలో ఉంటే ఇంకో రోజు రెండో దాంట్లో ఉండొచ్చు. స్పెల్మన్ వైపు ఉన్నది సిస్టర్స్ చాపెల్. 1927లోనే ప్రారంభించారు, దాదాపు 1,000 మంది పడతారు. 1968లో కింగ్ భౌతికకాయాన్ని ప్రజల సందర్శన కోసం ఉంచింది అందులోనే. మోర్‌హౌస్ వైపు ఉన్నది కింగ్ పేరు మీద 1978లో కట్టిన ఇంటర్నేషనల్ చాపెల్, సుమారు 2,500 సీట్లు.

ఏది మంచిదంటే, వినడానికి సిస్టర్స్ చాపెలే. హాలు చిన్నది, మైకుల అవసరం తక్కువ, పాడేవాళ్ళ ఊపిరి కూడా వినబడుతుంది. కానీ సీట్లు తక్కువ కాబట్టి క్యూ పొడుగ్గా ఉంటుంది. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తుంటే కింగ్ చాపెల్ రోజు చూసుకోండి. ఊబర్‌లో వెళ్తే డ్రైవరుకు కాలేజీ పేరు చెప్పి వదిలేయకుండా చాపెల్ పేరు పెట్టండి. స్పెల్మన్ చుట్టూ గేట్లుంటాయి. గుర్తింపు కార్డు జేబులో ఉంచుకోండి.

ఎంత ముందు చేరాలి?

ముందొచ్చినవాళ్ళకు ముందు అనే పద్ధతైతే గంటన్నర ముందు. టికెట్ చేతిలో ఉంటే నలభై ఐదు నిమిషాలు. మన పెళ్ళిళ్ళ టైము ఇక్కడ పనికిరాదు. పాట మొదలయ్యాక తలుపు దగ్గర ఆపేస్తారు, ఆ పాట అయిపోయి చప్పట్లు పడ్డాకే లోపలికి వదులుతారు. రెండు మూడు పాటలు ఆపకుండా వరసగా పాడితే పావుగంట బయటే. "ఒక్క నిమిషం, మా వాళ్ళు లోపలున్నారు" అంటే ఒప్పుకోరు.

చేరాక సమయం మిగిలితే మోర్‌హౌస్‌లో కింగ్ విగ్రహం, దాని దగ్గర్లోనే హోవర్డ్ థర్మన్ స్మారక స్తంభం చూడండి. థర్మన్ ఎవరో కింద చెప్తాం. మనకు సంబంధించిన మనిషే.

ఆల్ఫారెట్టా నుంచి ఎలా వెళ్ళాలి?

దూరం 30 మైళ్ళ లోపే. శుక్రవారం సాయంత్రం జార్జియా 400, డౌన్‌టౌన్ కనెక్టర్ కలిపి గంటన్నర పట్టినా ఆశ్చర్యం లేదు. ఐ-20 మీద లీ స్ట్రీట్ దగ్గర దిగితే క్యాంపస్ దగ్గరే.

శనివారం అయితే ఇంకో చిక్కుంది. ఎస్‌ఈసీ (దక్షిణాది కాలేజీల కూటమి) ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ డిసెంబరు మొదటి శనివారం మెర్సిడెస్ బెంజ్ స్టేడియంలో జరుగుతుంది. ఆ స్టేడియం క్యాంపస్‌కు మైలు దూరంలోనే ఉంది. ఆట మామూలుగా సాయంత్రం 4కి మొదలై ఏడున్నర ప్రాంతంలో అయిపోతుంది, అంటే మీ కచేరీ వేళకు సరిగ్గా ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ నిండి ఉంటాయి. ఆదివారం ఫాల్కన్స్ ఆట ఉందేమో కూడా చూసుకోవాలి. తారీకు ఎంచుకునేటప్పుడే క్రీడల క్యాలెండర్ పక్కన పెట్టుకోండి.

అందుకే మార్టా రైలు నయం. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్లో కారు పెట్టి (24 గంటల లోపు పార్కింగ్ ఉచితం) రెడ్ లైన్ ఎక్కి వెస్ట్ ఎండ్‌లో దిగండి. అక్కడి నుంచి పావుగంట, ఇరవై నిమిషాల నడక. చలిలో పిల్లలతో నడవలేకపోతే ఆ ముక్కకు ఊబర్ పిలవండి. తిరుగు ప్రయాణంలో జాగ్రత్త: రాత్రి పొద్దుపోయాక రెడ్ లైన్ ఊరి నడిబొడ్డు దాకా రాకుండా లిండ్‌బర్గ్ సెంటర్ దగ్గరే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది. అప్పుడు వెస్ట్ ఎండ్‌లో గోల్డ్ లైన్ ఎక్కి లిండ్‌బర్గ్‌లో మారాలి. రెడ్ రైలు కోసం ప్లాట్‌ఫాం మీద అరగంట నిలబడేవాళ్ళు ఇది తెలియక నిలబడతారు.

ఆ ఏరియా సేఫేనా?

ఈ ప్రశ్న పైకి అడిగేవాళ్ళు కొందరు, అడక్కుండా మానేసేవాళ్ళు ఎక్కువమంది. కచేరీ రోజు క్యాంపస్ పోలీసులు, వేలమంది కుటుంబాలు, దీపాలు ఉంటాయి. పెద్ద ఊళ్ళో రాత్రిపూట ఎక్కడైనా తీసుకునే జాగ్రత్తలే ఇక్కడా. కారులో బ్యాగులు, లాప్‌టాప్, షాపింగ్ కవర్లు కనబడేలా వదలొద్దు. అట్లాంటాలో కారు అద్దాలు పగలగొట్టడం డౌన్‌టౌన్లోనూ ఉంది, బక్‌హెడ్‌లోనూ ఉంది. వీధిలో కాకుండా కాలేజీ చూపించిన పార్కింగ్ డెక్‌లోనే పెట్టండి.

ఏం వేసుకోవాలి?

పండగ బట్టలు. అక్కడికి వచ్చేవాళ్ళు బాగా తయారై వస్తారు, జీన్స్, హుడీ వేసుకున్నవాళ్ళే వేరుగా కనిపిస్తారు. పట్టుచీర, కుర్తా నిక్షేపంగా వేసుకోవచ్చు. మెచ్చుకుంటారు కూడా. కెంటే (పశ్చిమ ఆఫ్రికా రంగురంగుల నేత) గుడ్డలు, ఆఫ్రికా టోపీలు సరదాకు కొనుక్కుని వేసుకోకండి. కెంటే ఉత్తరీయాలు పట్టభద్రులు గౌరవంగా ధరించేవి.

సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది, చలి 4, 5 డిగ్రీల దాకా దిగుతుంది. క్యూ ఆరుబయటే. చీర మీదికి శాలువా సరిపోదు, కోటు కావాలి. లోపల మాత్రం వేడిగా ఉంటుంది కాబట్టి విప్పి ఒళ్ళో పెట్టుకోగలిగే కోటు తెచ్చుకోండి.

చిన్నపిల్లల్ని తీసుకెళ్ళొచ్చా? తిండి?

ఆరేడేళ్ళు దాటినవాళ్ళు బాగానే కూర్చుంటారు. కార్యక్రమం దాదాపు రెండు గంటలు. మైకు లేని పాటల్లో చంటిబిడ్డ చిన్న మూలుగు కూడా హాలంతా వినిపిస్తుంది కాబట్టి అంచు సీటు తీసుకుని, అవసరమైతే వెంటనే బయటికి నడవండి. లోపల తిండి ఉండదు, మంచినీళ్ళ సీసా తప్ప తాగేవీ ఉండవు. ఇంట్లోనే తిని రండి. పులిహోర డబ్బా కారులోనే.

స్పిరిచువల్, గాస్పెల్ రెండూ ఒకటి కావా?

కావు. ఈ పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

స్పిరిచువల్స్ బానిసత్వంలో ఉన్నవాళ్ళు పొలాల్లో, రహస్య ప్రార్థనల్లో కట్టుకున్న పాటలు. రాసింది ఎవరో తెలియదు. వాటిని కచేరీ వేదిక మీదికి తెచ్చినవాళ్ళు నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ విద్యార్థులు. కాలేజీకి డబ్బుల్లేక మూతపడే స్థితిలో 1871 అక్టోబరులో జూబిలీ సింగర్స్ పేరుతో చందాల కోసం ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. అలా వచ్చిన డబ్బుతో కట్టిన జూబిలీ హాలు ఇప్పటికీ ఉంది. వాళ్ళు పాటల్ని చాలా మెల్లగా, దాదాపు గుసగుసతో ఎత్తుకుని పెంచుకుంటూ పోయే పద్ధతి అలవాటు చేశారు. తర్వాత హాల్ జాన్సన్, విలియం డాసన్, మోజెస్ హోగన్ లాంటివాళ్ళు ఆ జానపదాలను బృందగానానికి తగినట్టు అమర్చారు. కార్యక్రమం కాగితంలో పాట పేరు పక్కన అమర్చినవారిగా ఈ పేర్లు కనబడితే, వాద్యాలు లేని, గొంతులే ఉండే పాట రాబోతోందని లెక్క. నిశ్శబ్దంగా వినాలి.

గాస్పెల్ ఇరవయ్యో శతాబ్దపు నగర సంగీతం. రాసినవాళ్ళ పేర్లు తెలుసు. ముఖ్యుడు థామస్ డోర్సీ, 1899లో అట్లాంటాకు పడమరనున్న విల్లా రీకాలో పుట్టాడు. మొదట జార్జియా టామ్ పేరుతో బ్లూస్ పియానో వాయించేవాడు. షికాగో వెళ్ళాక ఆ బ్లూస్ నడకనే చర్చి పాటలోకి తెచ్చాడు. 1932లో భార్య కాన్పులో చనిపోయి, బిడ్డ కూడా దక్కనప్పుడు ఆయన రాసిన పాట ఇప్పటికీ నల్లజాతి కుటుంబాల్లో అంత్యక్రియల్లో వినబడుతుంది. గాస్పెల్‌లో పియానో, డ్రమ్స్, బాస్ గిటార్, హామండ్ ఆర్గన్ ఉంటాయి. బృందం చాలావరకు సోప్రానో (ఆడవాళ్ళ పై గొంతు), ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు), టెనర్ (మగవాళ్ళ పై గొంతు) అని మూడు శ్రుతుల్లోనే పాడుతుంది, కింది స్వరం బాస్ గిటార్ చూసుకుంటుంది.

ఆర్గన్ పక్కన బీరువా లాంటి చెక్క పెట్టె ఉంటుంది చూడండి. దాని పేరు లెస్లీ స్పీకర్. పైభాగంలో పలకల సందుల్లోంచి లోపల ఒక కొమ్ము గిరగిరా తిరగడం కనిపిస్తుంది. వాయించేవాడు మీట నొక్కగానే ఆ కొమ్ము వేగం పెరుగుతుంది, నిలకడగా ఉన్న స్వరం ఒక్కసారిగా వణకడం మొదలెడుతుంది. హాలు లేచి నిలబడేది తరచుగా ఆ క్షణంలోనే.

మోర్‌హౌస్–స్పెల్మన్ కచేరీలో బరువు స్పిరిచువల్స్ మీద, ఐరోపా పాత క్రిస్మస్ పాటల మీద ఉంటుంది. డ్రమ్స్ మోతతో గాస్పెల్ కావాలనుకుంటే చర్చి కచేరీకి వెళ్ళాలి.

ముందే విని వెళ్ళాల్సిన పాటలేమిటి?

నాలుగైదు చాలు. "గో టెల్ ఇట్ ఆన్ ద మౌంటెన్" అందరికీ తెలిసిందే. ఫిస్క్‌కు చెందిన జాన్ వెస్లీ వర్క్ కుటుంబం సేకరించి అచ్చువేయడం వల్ల మనదాకా వచ్చింది. "రైజ్ అప్ షెపర్డ్ అండ్ ఫాలో"లో ముందుపాటగాడు ఒక పంక్తి అంటాడు, బృందం ఒకే జవాబు తిప్పి తిప్పి ఇస్తుంది. బుర్రకథలో కథకుడు పంక్తి వదలగానే వంతలు అందుకున్నట్టే, జవాబు తెలిసిందే అయినా ప్రతిసారీ కొత్త ఊపుతో పడుతుంది.

"మేరీ హాడ్ ఎ బేబీ" దక్షిణ కరోలినా తీరంలోని సెయింట్ హెలెనా దీవి పాట. బిడ్డకు ఏం పేరు పెట్టింది, ఎక్కడ పడుకోబెట్టింది అని ప్రశ్నలు వేస్తూ పోతుంది, మధ్యలో హఠాత్తుగా రైలు వెళ్ళిపోయిందన్న మాట వస్తుంది. బెత్లెహేములో రైలేమిటని నవ్వుకోకండి. ఈ పాటల్లో రైలంటే విముక్తి వైపు తీసుకెళ్ళే బండి, అది తప్పిపోతే ఇక అంతే.

"స్వీట్ లిటిల్ జీసస్ బాయ్" విని ఇది కూడా పాత బానిస పాట అని చాలామంది అనుకుంటారు. కాదు. 1934లో రాబర్ట్ మెక్‌గిమ్సీ అనే తెల్ల సంగీతకారుడు ఆ శైలిలో రాశాడు. పిల్లలకు చెప్పేటప్పుడు పొరపాటు పడకండి.

అందరూ ఎదురుచూసే "బెతెలెహెము" ఏమిటి?

నైజీరియా యోరుబా భాషలోని క్రిస్మస్ పాట. బాబాతుందే ఒలాతుంజీ అనే విద్యార్థి మోర్‌హౌస్‌లో చదివి 1954లో పట్టా తీసుకున్నాడు, తర్వాత అమెరికాలో పెద్ద డ్రమ్ కళాకారుడయ్యాడు. ఆయన తెచ్చిన పాటను వెండెల్ వేలం గ్లీ క్లబ్‌కు అమర్చారు. యేసు ఎక్కడ పుట్టాడు, బెత్లెహేములో అన్నదే సారం. చేతి డ్రమ్ముల మీద నడుస్తుంది, పాడేవాళ్ళు నిలబడిన చోట నిలబడరు. ఈ ఒక్క పాట కోసమే ఏటా వచ్చేవాళ్ళున్నారు. బాత్రూం పని దీనికి ముందే ముగించుకోండి. కాగితంలో దీని స్థానం చూసుకుంటే కార్యక్రమంలో ఎక్కడ ఉన్నారో కూడా తెలుస్తుంది.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి? మేం కొడితే పక్కవాళ్ళతో కలవడం లేదు.

రెండు వేరు ప్రశ్నలు.

పాట అయ్యాక కొట్టే చప్పట్ల సంగతి: డైరెక్టర్ చేతులు కిందికి దిగేదాకా ఆగండి. కచేరీ స్పిరిచువల్స్‌లో దొంగ ముగింపులుంటాయి. బృందం ఒక్కసారిగా ఆగుతుంది, రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం, ఆ తర్వాత మెల్లగా చివరి పంక్తి. ఆ ఖాళీలో చప్పట్లు పడితే పాట చచ్చిపోతుంది. చేతులు గాల్లోనే ఉన్నాయంటే పాట ఇంకా ఉన్నట్టు.

లయకు కొట్టే చప్పట్ల సంగతి: భజనలో, ఆదితాళంలో మన చెయ్యి మొదటి దెబ్బ మీద పడుతుంది. గాస్పెల్‌లో చప్పట్లు రెండు, నాలుగు మీద. ఇంట్లో సాధన చేయడానికి తేలిక మార్గం ఇది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ ఒకటికి కుడి పాదం, మూడుకు ఎడమ పాదం నేలకు తాటించండి. పాదాలు కుదిరాక రెండుకు, నాలుగుకు చప్పట్లు కలపండి. పాదం లేకుండా చేతులతో మొదలెడితే అలవాటు కొద్దీ ఒకటి మీదికి జారిపోతారు. ఇంకో తప్పు, ఉత్సాహం కొద్దీ వేగం పెంచడం. పెద్ద హాల్లో మీకు వినబడే చప్పట్లు వెనక నుంచి ఆలస్యంగా వస్తాయి, వాటిని పట్టుకోబోతే లయ చెదురుతుంది. చెవిని కాకుండా కంటిని నమ్మండి: డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద కొట్టే కర్రను, లేదా బృందం ఒళ్ళు ఊగే తీరును చూడండి. నెమ్మదిగా మూడేసి దెబ్బలుగా ఊగే పాటలకు, ఉదాహరణకు గాస్పెల్ పద్ధతిలో పాడే "సైలెంట్ నైట్"కు, చప్పట్లే వద్దు.

గాస్పెల్ పాట అయిపోయినట్టే అయి మళ్ళీ మళ్ళీ వస్తోందేం?

దాన్ని వ్యాంప్ అంటారు. చివరి రెండు మూడు పంక్తుల్ని పదేపదే తిప్పుతారు. డైరెక్టర్ వేళ్ళతో సైగ చేసి ముందు సోప్రానోలను, తర్వాత ఆల్టోలను, ఆ తర్వాత టెనర్లను విడివిడిగా దింపి మళ్ళీ కలుపుతాడు. అంతా కలిశాక శ్రుతి అరస్వరం పైకి ఎక్కిస్తాడు, ఒక్కోసారి మూడు నాలుగుసార్లు. ఎన్నిసార్లు తిప్పాలన్నది ముందే తేల్చుకోరు. హాలు ఎలా స్పందిస్తోందో చూసి అప్పటికప్పుడు నిర్ణయిస్తారు. అక్కడ చేతులు కట్టుకుని కూర్చోవడం మర్యాద అనుకుంటే, డైరెక్టర్‌కు మాత్రం మీకు నచ్చలేదని అందుతుంది.

పక్కన కూర్చున్నావిడ "వెల్", "టేక్ యువర్ టైమ్" అని అరుస్తోంది. గొడవా?

మెచ్చుకోలు. పాడేవాణ్ణి ప్రోత్సహించడం. "టేక్ యువర్ టైమ్" అంటే తొందరేం లేదు, ఇంకా లోతుగా పాడు నాయనా అని. మన సభల్లో భేష్, శభాష్ ఎలాగో అలాగే. మీరు కూడా అనాలనేం లేదు, అనుకరించి అరిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది. చప్పట్లు చాలు. ఎవరైనా ఏడుస్తున్నా, చేతులు పైకెత్తినా అటే చూస్తూ ఉండకండి.

ఎప్పుడు లేచి నిలబడాలి?

"లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్" మొదలవగానే. జేమ్స్ వెల్డన్ జాన్సన్ రాయగా, తమ్ముడు రోజమండ్ స్వరపరిచిన ఈ పాటను 1900 ఫిబ్రవరిలో జాక్సన్‌విల్‌లో 500 మంది బడిపిల్లలు మొదట పాడారు. నల్లజాతి జాతీయ గీతంగా గౌరవిస్తారు. మూడు చరణాలు ఉంటాయి, మొదటి చరణం కాగానే కూర్చోకండి. హ్యాండెల్ "హల్లెలూయా" పాడితే కూడా లేచే ఆచారం ఉంది. కాలేజీ గీతం వస్తే పాత విద్యార్థులు లేచి పాడతారు, మీరు ఊరికే నిలబడితే మర్యాదగా ఉంటుంది.

వీడియో తీసుకోవచ్చా?

వద్దన్నారంటే వద్దు, చెప్పకపోయినా ఫ్లాష్ వద్దు. చీకటి హాల్లో ఎత్తిపట్టిన ఫోను వెనకున్న మూడు వరసలకు కనిపిస్తుంది. భావోద్వేగంలో ఉన్న ప్రేక్షకుల్ని తీసి రీల్స్‌లో పెట్టడం అసలే కూడదు.

కాగితంలో "నీగ్రో స్పిరిచువల్" అని ఉంది. ఆ మాట వాడొచ్చా?

పాత పాటల పేరుగా, సంస్థల పేర్లలో అచ్చులో ఉంటుంది. మీరు మాట్లాడేటప్పుడు స్పిరిచువల్ అంటే చాలు. మనుషుల గురించి బ్లాక్, ఆఫ్రికన్ అమెరికన్ అనండి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ అర్థం కాదులే అనుకుని వరసలో నిలబడి రంగు మీద వెక్కిరింపు మాటలు అనడం మనవాళ్ళలో ఉంది. హిందీ నుంచి తెచ్చుకున్న ఆ తిట్టు అట్లాంటాలో చాలామందికి తెలుసు. తెలియకపోయినా అనకూడదు, పక్కనున్న మీ పిల్లలకు తెలుగు వచ్చు కదా.

ఇది క్వాంజా కార్యక్రమమా?

కాదు. క్వాంజా డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా జరుపుకునే వేరే పండగ, 1966లో మౌలానా కరెంగా మొదలుపెట్టారు. డిసెంబరు 31 రాత్రి నల్లజాతి చర్చిల్లో జరిగే వాచ్ నైట్ కూడా వేరు. బానిస విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వస్తుందని ముందురోజు రాత్రంతా మేలుకుని ఎదురుచూసిన జ్ఞాపకం దాని వెనక ఉంది.

చర్చిలో గాస్పెల్ క్రిస్మస్ కచేరీకి వెళ్తే తేడా ఏమిటి?

తెల్ల చేతితొడుగులు వేసుకున్న అషర్లు (సీట్లు చూపించేవాళ్ళు) తలుపు దగ్గరుంటారు. వాళ్ళు చెయ్యి చూపించిన సీట్లోనే కూర్చోవాలి, ప్రార్థన సాగుతుంటే కదలకూడదు. మధ్యలో కానుకల పళ్ళెం వస్తుంది. ఉచిత కచేరీ అయితే మనిషికి పది, ఇరవై డాలర్లు వేయడం పద్ధతి. చిల్లర నోట్లు తెచ్చుకోండి, లేదంటే గివెలిఫై లాంటి ఫోన్ యాప్ చూపిస్తారు. ఏమీ వేయకుండా పక్కకు అందించినా తప్పు పట్టరు. చివర్లో పాస్టరు ముందుకు రమ్మని పిలిస్తే అది విశ్వాసం స్వీకరించదలచినవాళ్ళకు, మీరు కూర్చునే ఉండొచ్చు.

శబ్దం చాలా ఎక్కువ. డ్రమ్స్ చుట్టూ గాజులాంటి ప్లాస్టిక్ గోడ పెట్టేది అందుకే. స్పీకర్లకు ఎదురుగా కాకుండా మధ్య వరసల్లో కూర్చోండి, పసిపిల్లలకు చెవులు మూసే హెడ్‌ఫోన్లు పెట్టండి.

భారతదేశంతో ఈ పాటలకు ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ ఈ రెండు కాలేజీల మీదుగానే. మోర్‌హౌస్‌లో 1923లో పట్టా తీసుకున్న హోవర్డ్ థర్మన్, స్పెల్మన్‌లో చదివిన ఆయన భార్య స్యూ బెయిలీ 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీని కలిశారు. మాటలయ్యాక ఒక స్పిరిచువల్ పాడమని గాంధీ అడిగితే, యేసును సిలువ వేసినప్పుడు నువ్వక్కడ ఉన్నావా అనే అర్థం వచ్చే పాటను ఆమె ఎత్తుకున్నారు. అదే ఏడాది చివర్లో బెంజమిన్ మేస్ వార్ధాలో గాంధీని కలిశారు. ఆయన 1940 నుంచి 1967 దాకా మోర్‌హౌస్ అధ్యక్షుడు, విద్యార్థిగా ఉన్న కింగ్‌కు గురువు. ఇంకా వెనక్కి వెళ్తే, ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన జూబిలీ గాయకులు 1880ల చివర ప్రపంచయాత్రలో భాగంగా భారత్‌కు కూడా వచ్చి పాడారు.

అట్లాంటాలో లేం. దగ్గర్లో ఏం చూడొచ్చు?

బే ఏరియాలో ఉంటే ఓక్‌లాండ్ ఇంటర్‌ఫెయిత్ గాస్పెల్ కోయిర్ డిసెంబరు కచేరీ పారమౌంట్ థియేటర్లో చూడొచ్చు. అన్ని మతాలవాళ్ళూ ఉన్న బృందం, పక్కా గాస్పెల్, టికెట్ కొనాలి. చాలా ఊళ్ళలో లాంగ్‌స్టన్ హ్యూస్ 1961లో రాసిన "బ్లాక్ నేటివిటీ" నాటకం డిసెంబరులో వేస్తారు. క్రీస్తు జననాన్ని నాట్యంతో, గాస్పెల్ పాటలతో చెప్తుంది కాబట్టి పిల్లలకు కచేరీ కన్నా తేలిగ్గా పడుతుంది. ఇవేవీ లేకపోతే మీ ఊరికి దగ్గర్లో ఉన్న నల్లజాతి కాలేజీ సంగీత విభాగం క్యాలెండర్ చూడండి. నవంబరు నెలాఖరుకు తేదీలు పెట్టేస్తారు.